గడ్డిని యెప్పుడు, యెన్నిమారులు కోయవలెను?

మన వరంగల్లు ప్రాంతమున బీడుగడ్డిని దసరా దాటి, విత్తు రాలి, కాడ యెండినపిదప కోయువారు కలరు. మోపు పెద్దదే గాని సారము తక్కువ. పూత పట్టుచుండగనే కోయవలెను. ముసురు పట్టినచో రెండు దినములాగుడు. తడిగడ్డి వామిలో బూజుపట్టును. మరుసటి యేటి విత్తునకై ఒక మూల విడువుడు.

నేపియరు గడ్డికి నాటిన 75 దినములకు తొలికోత, పిదప 45 దినములకొకటి. బెత్తెడు మోడు ఉంచవలెను.

జొన్నకు మాత్రము తొందర కూడదు. కోసిన మోళ్లనుండి వచ్చు లేత పిలకలందును, వానలేక వాడిన లేతపైరునందును విషముండును. ఆకలిగొన్న యెద్దు దానిని మేసినచో కొలది నిమిషములలోనే కూలవచ్చును. పూత వచ్చువరకు పశువును అందు విడువకుడు. గట్టుమీద కట్టినచో పలుపు పొడవు చూచుకొనుడు.