కప్పు అంటే ఎంత?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంగ్లండు అనుభవాలు చెప్పమన్నారు. అక్కడి వానల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను వంటింటి కొలతల గురించి చెబుతాను. నవ్వకండి. లెక్కల మాస్టారు, సైన్సు మాస్టారు చెప్పింది నాకు ఎక్కువగా అక్కరకొచ్చింది పొయ్యి దగ్గరే.

అమెరికాలో వంట పుస్తకం తీస్తే కొలతలు కప్పుల్లో, చెంచాల్లో ఉంటాయి. ఇంగ్లండులో గ్రాముల్లో ఉంటాయి, పాత పుస్తకమైతే ఔన్సుల్లో. అమెరికా కప్పు అంటే టీ తాగే కప్పు కాదు. దాదాపు 237 మిల్లీలీటర్లు పట్టే కొలపాత్ర. 1896లో బోస్టన్‌లో ఫానీ ఫార్మర్ అనే ఆవిడ వంట పుస్తకం వేసి, కప్పు నింపాక పైన కత్తితో చదును చేసి కొలవాలని గట్టిగా చెప్పింది. ఇంగ్లండు వాళ్లు మాత్రం త్రాసునే నమ్ముకున్నారు. సోలతో, తవ్వతో, మానికతో కొలిచిన ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి నాకు కప్పంటే చిన్నచూపు లేదు. పాలకైనా బియ్యానికైనా అది చాలు.

చిక్కంతా పిండితోనే. జల్లించి తేలిగ్గా పోస్తే కప్పు మైదా 120 గ్రాములు తూగుతుంది. అదే కప్పు డబ్బాలో ముంచి తీస్తే 140 గ్రాములు కావచ్చు. కప్పు పంచదార 200 గ్రాములు, కప్పు వెన్న 227. కాబట్టి 'కప్పుకు ఇన్ని గ్రాములు' అని ఒక్క అంకె కంఠస్థం చేస్తే లాభం లేదు. ఏ సరుకుకు ఆ లెక్కే.

పైంటు కూడా రెండు దేశాల్లో ఒకటి కాదు. అమెరికా పైంటు 473 మిల్లీలీటర్లు, ఇంగ్లండుది 568. ఇంగ్లండు 1824లో కొత్త ఇంపీరియల్ గ్యాలన్ పెట్టుకుంది. అమెరికా పాత ఇంగ్లీషు వైన్ గ్యాలన్‌నే అట్టిపెట్టుకుంది. పుట్టింటి వాళ్లు పారేసిన కొలత అత్తింటికి వెళ్లిన పిల్ల దగ్గర భద్రంగా ఉన్నట్టన్నమాట.

ఇదంతా నేను ఎందుకు పట్టించుకున్నానో చెబుతాను. మా బ్యాచ్ అమ్మాయి ఒకతె అమెరికాలో స్థిరపడి, మూడేళ్ల క్రితం చనిపోయింది. ఇక్కడ చాలామందికి తెలుసు. ఆమె కూతురు ఉద్యోగానికి ఇంగ్లండు వచ్చి మా ఇంటికి దగ్గర్లోనే ఉంటోంది. పుట్టినరోజుకు వాళ్లమ్మ చేసే కేకు రాసిన కాగితం వెంట తెచ్చుకుంది. కాగితం నిండా మన తెలుగు మాస్టారు దిద్దించిన గుండ్రటి దస్తూరీ. వెన్న రెండు స్టిక్కులు, పంచదార రెండు కప్పులు, పిండి మూడు కప్పులు, పెద్ద గుడ్లు నాలుగు, పాలు కప్పు, బేకింగ్ పౌడర్ మూడు చెంచాలు, ఓవెన్ 350. ఆ పిల్ల రెండుసార్లు చేసింది. రెండుసార్లూ కేకు పొంగి నడుమ కుంగిపోయింది, పైన మాడింది. "అమ్మ ఏదో రాయడం మర్చిపోయినట్టుంది ఆంటీ" అంది.

వాళ్లమ్మ ఏదీ మర్చిపోలేదు. మా ఊరి కొట్లో 'ఆల్ పర్పస్' అన్న పేరుతో పిండి దొరకదు. దానికి అక్కడి పేరు ప్లెయిన్ ఫ్లోర్. పక్కనే ఉండే సెల్ఫ్ రైజింగ్ పిండి ఈ పిల్ల తెచ్చుకుంది. అందులో బేకింగ్ పౌడర్ ముందే కలిపి ఉంటుంది. దానికి తోడు మరో మూడు చెంచాలు! కుంగక ఏం చేస్తుంది? అమెరికాలో 'లార్జ్' గుడ్డు 57 గ్రాములు. ఇంగ్లండులో లార్జ్ అంటే 63 నుంచి 73. మనం కొనాల్సింది అక్కడి మీడియం. వెన్న స్టిక్కు 113 గ్రాములు, ఇంగ్లండులో దిమ్మ 250. రెండు స్టిక్కులకు దిమ్మలోంచి 24 గ్రాములు కోసి పక్కన పెట్టాలి.

ఇక 350 డిగ్రీలు. సైన్సు మాస్టారు బోర్డు మీద రాసిన ఫారెన్‌హీట్ సూత్రం గుర్తుందా? 350లోంచి 32 తీసేసి, అయిదుతో హెచ్చవేసి, తొమ్మిదితో భాగిస్తే 177. అక్కడ 180 అంటారు, గ్యాస్ ఓవెన్ మీద 4వ అంకె. లోపల ఫ్యాన్ తిరిగే ఓవెన్ అయితే ఇంకో 20 తగ్గించి 160 పెట్టాలి. ఆ పిల్ల ఇంట్లో ఉన్నది ఫ్యానుదే. అన్నీ సరిచేసి మూడోసారి ఇద్దరం కలిసి చేశాం. కుదిరింది. మొదటి ముక్క తిని ఆ పిల్ల చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. గ్రాములన్నీ వేరే కాగితం మీద రాసుకుంది. అమ్మ రాసిన దాని మీద కలం పెట్టనివ్వలేదు.

పేర్ల సంగతి చెప్పాలంటే పూట పడుతుంది. రెండు మూడు చెబుతాను. ఇంగ్లండులో కార్న్‌ఫ్లోర్ అంటే తెల్లటి గంజిపొడి. అమెరికాలో దాన్ని కార్న్‌స్టార్చ్ అంటారు, అక్కడ కార్న్ ఫ్లోర్ అంటే మెత్తటి మొక్కజొన్న పిండి. దీని బదులు అది వేస్తే పులుసు చిక్కబడే తీరే వేరు. అమెరికా పుస్తకంలో కోరియాండర్ అంటే ధనియాలు, సిలాంట్రో అంటే కొత్తిమీర. ఇంగ్లండులో రెంటికీ కోరియాండరే. ఆకుకు ఒక పేరు, గింజకు ఒక పేరు పెట్టుకున్న మన భాషే ఈ విషయంలో నయం. వంకాయ అమెరికాలో ఎగ్‌ప్లాంట్, ఇంగ్లండులో ఓబర్జీన్. మన ఇంగ్లీషు మాస్టారు నేర్పిన బ్రింజాల్ ఆ రెండు చోట్లా చెల్లదు!

అమెరికాలో ఉన్న నా తోటివాళ్లకు ఒక్క మనవి. మీ పిల్లలు ఏ దేశంలో స్థిరపడతారో మనకు తెలియదు. మీరు చేసే వంట ఏదైనా ఒకసారి మీ కప్పుతోనే పిండి తీసి, త్రాసులో పోసి, వచ్చిన గ్రాములు పక్కన రాసి పెట్టండి. ఏ కంపెనీ ఉప్పు వాడతారో అదీ రాయండి. అక్కడి కోషర్ ఉప్పు చెంచాడు మామూలు సన్న ఉప్పుకన్నా తేలిక, రకాన్ని బట్టి సగమే తూగవచ్చు. భోజనాల షామియానా దగ్గర బల్ల మీద ఈ లెక్కల జెరాక్సు కాపీలు పెట్టాను. కావలసినవాళ్లు తీసుకోండి.