పాటకు నంబరు ఎవరు వేసిన్రు?

(పామర్రులో డిగ్రీ విద్యార్థుల సభలో చేసిన ఉపన్యాస పాఠం)



మీరు నన్ను ఒక పని మీద పిలిచిన్రు. ఏడాదికి పది పాటలు, గాయకునికి పది పాటలు ఏరి, ఒకటి నుంచి పది దాక నంబర్లు వేసి చిన్న పుస్తకం తెస్తమన్నరు. 1951తోని మొదలు పెడతమన్నరు. ఎందుకు 1951 అని అడిగితే 'పాతాళభైరవి' వచ్చిన సంవత్సరం అన్నరు. మంచి లెక్కనే. ఆ సినిమా హీరో ఎన్టీ రామారావు ఈ పామర్రు మండలం నిమ్మకూరు మనిషి. సంగీతం చేసి, పాటలు పాడిన ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబర్ 4న గుడివాడ పక్క చౌటపల్లిలో పుట్టిండు. పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు బందరులో పెరిగి చదువుకున్నోడు. ఒక్క సినిమాల ముగ్గురు మీ చుట్టుపక్కల మనుషులు. గర్వపడితే తప్పు లేదు.

తెలంగాణ ఉద్యమంల జెండా పట్టినోడు ఇక్కడికొచ్చి ఘంటసాల గురించి ఏం మాట్లాడుతడో అని కొందరికి అనుమానం ఉండొచ్చు. అనుమానం వద్దు. మా ఊర్ల పొద్దుగాల గుడి మైకుల మోగింది ఆయన భగవద్గీతనే. 1942 క్విట్ ఇండియా ఉద్యమంల జైలుకు పోయిన మనిషి ఆయన. ఉద్యమంల జైలు చూసిన గొంతు మీద మాకు గౌరవమే ఉంటది. కొట్లాట పాటతోని గాదు, పాట పాడినోనితోని గాదు. నా ప్రశ్న ఒక్కటే. పాటకు ఆ నంబరు ఎవరు వేసిన్రు? దేన్ని లెక్కబెట్టి వేసిన్రు?

మన దేశంల పాటలకు నంబర్లు వేసే అలవాటు రేడియో నుంచి వచ్చింది. 1952లో కేంద్ర సమాచార ప్రసార మంత్రి అయిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాటలంటే గిట్టదు. ఆకాశవాణిల సినిమా పాట దాదాపు బంద్ అయింది. జనం ఊకున్నరా? రేడియో ముల్లు తిప్పి సిలోన్ స్టేషన్ పట్టుకున్నరు. అదే 1952 డిసెంబర్‌లో రేడియో సిలోన్‌ల అమీన్ సయానీ గొంతుతోని బినాకా గీత్‌మాలా మొదలైంది. ఒక టూత్‌పేస్ట్ కంపెనీ డబ్బుతోని నడిచిన ఆ కార్యక్రమం దేశానికి పాటల ర్యాంకులు నేర్పింది. ఆకాశవాణి తప్పు తెలుసుకుని 1957 అక్టోబర్ 3న వివిధ భారతి పెట్టింది. సిలోన్‌ల తెలుగు పాటలు కూడా వచ్చేవి. మీనాక్షి పొన్నుదురై గొంతు ఆ కాలపు తెలుగిండ్లకు చుట్టాల గొంతు లెక్క.

ఆ ర్యాంకు ఎట్ల వచ్చింది? శ్రోతలు రాసిన ఉత్తరాలు, శ్రోతల సంఘాల ఓట్లు, రికార్డుల దుకాణాల్ల అమ్మకాలు. ఇంత వరకే. ఇప్పుడు ఆలోచించుండ్రి. ఉత్తరం రాయాలంటే చదువు రావాలె. కార్డు కొనాలె. రికార్డు కొనాలంటే ఇంట్ల గ్రామఫోను ఉండాలె. 1950లల పామర్రు కూలి వాడల ఎంతమందికి గ్రామఫోను ఉన్నది? మా నల్లగొండ పల్లెల్ల ఎంతమందికి ఉన్నది? పాట విన్నోళ్లు లక్షలమంది. లెక్కల పడ్డది కార్డు రాసినోళ్లు, రికార్డు కొన్నోళ్లు. ఇప్పటి జార్ఖండ్‌ల ఝుమ్రీ తిలయ్యా అని అబ్రకం గనుల ఊరు ఉన్నది. అక్కడి నుంచి పాటలు కోరుతూ వచ్చిన కార్డులకు లెక్కే లేదు. చిన్న ఊరైనా దేశమంతటికీ పేరు తెలిసింది. పట్టుబట్టి కార్డు రాసిన ఊరు లెక్కలకెక్కింది, రాయని ఊర్లు ఎక్కలే.

తెలుగుకు బినాకా లాగ ఏండ్ల తరబడి అందరు ఒప్పుకున్న వరుస లేదు. మరి మీరు 1951ల ఫలానా పాట ఒకటో నంబరు అని దేన్ని పట్టి రాస్తరు? సినిమా ఆడిన రోజులు చూసి రాస్తరు. ఇప్పుడు యూట్యూబ్‌ల ఎన్ని లక్షలమంది చూసిన్రో చూసి రాస్తరు. సినిమా ఆడిన రోజులు సినిమాకు లెక్క, పాటకు గాదు. ఇగ యూట్యూబ్ పుట్టిందే 2005ల. ఒకే పాటను పదిమంది పది చోట్ల పెడితే లెక్క పది ముక్కలైతది. ఒక్క పిలగాడు అన్నం తినేటందుకు ఒక్క పాటను ఇరవైసార్లు పెట్టించుకుంటే లెక్క పెరుగుతది. అది నేటి లెక్క. దాన్ని తీసుకుపోయి 1951 నెత్తిన పెట్టొద్దు.

లెక్క మారితే వరుస ఎట్ల మారుతదో అమెరికా చూపించింది. అక్కడ బిల్‌బోర్డ్ అనే పత్రిక దశాబ్దాలుగా పాటలకు ర్యాంకులిస్తున్నది. 1940లల నల్లజాతి వాళ్ల పాటలను వేరే పట్టికల పెట్టిన్రు. 1945ల దానికి 'రేస్ రికార్డులు' అని పేరు. అంటే మీ పాట మీ వాడల ఎంత గొప్పదైనా ఊరి పట్టికల వేరే పంక్తే. 1949ల పేరు మార్చి 'రిథమ్ అండ్ బ్లూస్' అన్నరు. ఇగ 1991 దాక ఆల్బమ్‌ల లెక్క ఎట్లుండె? దుకాణపాయన ఏది బాగా అమ్ముడు పోతున్నదో చెప్తే అదే రాసుకునేటోళ్లు. 1991 మే నెల నుంచి దుకాణంల బిల్లు కొట్టే మిషన్ నుంచి అసలు అమ్మకం లెక్క తీసుకున్నరు. ఏమైంది? పల్లె పాటల గాయకులు, ర్యాప్ పాడే నల్లజాతి పిల్లలు ఒక్కసారి పైకి లేచిన్రు. జూన్‌ల ఎన్‌డబ్ల్యూఏ అనే ర్యాప్ బృందం ఆల్బమ్ మొదటి స్థానానికి చేరింది. నెల రోజుల్ల జనం రుచి మారిందా? మారలే. జనం అంతకుముందు కూడా వాటిని కొంటనే ఉన్నరు. చెప్పేటాయన చెప్పలే, రాసేటాయన రాయలే. అంతే తేడా.

ఇగ మీ రెండో గడి, గాయకుని పేరు. 'మాయాబజార్' 1957ల వచ్చింది. దానికి సంగీతం మొదలు పెట్టింది సాలూరి రాజేశ్వరరావు. కొన్ని బాణీలు కట్టి ఆయన తప్పుకుంటే ఘంటసాల పూర్తి చేసిండు. పాట పింగళిది. పక్కన పాడిన పి. లీల కేరళ బిడ్డ. ఆ పాటలను 'ఘంటసాల' అన్న గడిల వేస్తే తక్కిన వాళ్లు ఎటు పోవాలె? 'మా భూమి' సినిమా చూడుండ్రి. బండెనక బండి పాట తెర మీద పాడింది గద్దర్. రాసింది బండి యాదగిరి. పుట్టింది తెలంగాణ సాయుధ పోరాట కాలంల. సినిమా తీసింది 1970ల చివర. ఏ సంవత్సరం గడిల పెడతరు? ఏ పేరు కింద పెడతరు? గోరటి వెంకన్న రాసిన పల్లె కన్నీటి పాట 2002ల 'కుబుసం' సినిమాల వచ్చింది. సినిమా ఎన్ని రోజులు ఆడిందో ఎవరికీ యాది లేదు, పాట మాత్రం పల్లె పల్లెకు పోయింది. 1999ల హత్యకు గురైన బెల్లి లలిత పాటలకు ఏ నంబరు ఉన్నది? సభల్ల వేలమంది విన్న ఆమె గొంతు ఏ పట్టికల ఉన్నది?

2021ల 'లవ్ స్టోరీ' సినిమాల సారంగదరియా పాట వచ్చినప్పుడు పెద్ద చర్చ నడిచింది. జానపదం ఎవరిది? సేకరించినోళ్లదా, పాడుకుంట కాపాడినోళ్లదా, సినిమాకు రాసినోళ్లదా? ఆ చర్చ మంచిదే. 'గాయకుడు' అన్న ఒక్క గడిల ఎంతమంది పేర్లు మాయమైతయో జనానికి తెలిసింది.

ఇంతసేపు పరాయి వాళ్ల తప్పులు చెప్పిన. ఇప్పుడు నా తప్పు చెప్త.

2011 సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైనప్పుడు నేను డిగ్రీ చదువుతున్న. 42 రోజుల సమ్మె. మా మండల కేంద్రంల రోడ్డు పక్క దీక్షా శిబిరం. సార్లు, ఆర్టీసీ కార్మికులు, కరెంటు ఉద్యోగులు అందరు అక్కడనే. రోజూ పాటలు. నాకు పత్రికల పని చేయాలని అప్పటికే ఆశ. ఒక నోటుబుక్కు పెట్టిన. తేదీ, పాట, పాడినవారు, జనం ఎన్నిసార్లు అడిగిన్రు, నాలుగు గీతలు గీసిన. మీరు ఇప్పుడు చేయబోతున్న పనే అది. ఉద్యమ పాటల ర్యాంకు నేనే తీస్తున్న అని సంబరపడ్డ.

మొన్న మీ పిలుపు వచ్చినంక ఆ నోటుబుక్కు దేవులాడి తీసిన. చదివితే సిగ్గైంది. మైకు పట్టుకున్న కళాకారుల పేర్లు ఇంటిపేర్లతో సహా రాసిన. సార్ల పేర్లు రాసిన. నాట్ల కాడి నుంచి, బీడీల కార్ఖానా నుంచి వచ్చి కూసున్న ఆడోళ్లు పాడినప్పుడు ఏం రాసిన్నో తెలుసా? 'కూలి అమ్మలు' అని రాసిన. ఒక్క కాడ 'బీడీల అమ్మ' అని రాసిన. పేరు అడుగలే. జనం మళ్లీ మళ్లీ అడిగిన పాటల్ల వాళ్లవి ఎన్నో ఉన్నయి, నా లెక్కనే చెప్తున్నది. పాట ఉన్నది, పేరు లేదు. మా పాటను లెక్కలోకి తీసుకోలేదని రోడ్డు మీద కూసున్న శిబిరంల కూసుని, నేను ఇంకొకళ్లను లెక్కల నుంచి తీసేసిన. మా అమ్మ కూడా ఆ నాట్ల ఆడోళ్లల్ల ఒకరు. ఆమె వచ్చి పాడినా అట్లనే రాస్తుంటినేమో.

అందుకే చెప్తున్న. వరుస తయారు చేసేటోడు పగోడే కానక్కర లేదు, మనలాంటోడైనా అదే తప్పు చేస్తడు. ఎందుకంటే చేతికి అందిందే రాస్తడు.

ఇప్పుడు మీ ఊరి ముచ్చట. మా దగ్గర నాట్లు అంటం, మీ దగ్గర ఊడ్పులు అంటరు. మాట వేరు, నడుం నొప్పి ఒక్కటే. మీ అమ్మమ్మలు, నాయనమ్మలు ఈ కృష్ణా కాలువల కింద బురదల వంగి పాడిన పాటలు మీ పుస్తకంల ఒక్కటన్న ఉన్నదా? నాకు పంపిన చిట్టాల చూసిన. లేదు. సినిమా పాటల చిట్టాల మా తెలంగాణ కనపడదని మేము ఏండ్లపాటు మొత్తుకున్నం. కనపడనిది మేమొక్కళ్లమే గాదు. పామర్రు సినిమా హీరోకు చోటు దొరికింది, పామర్రు కూలి మనిషికి దొరకలే.

ఇది తొందర పని. వెదజల్లే సాగు వచ్చింది, మిషన్లు వచ్చినయి. బారులు తీరి ఊడ్చే రోజులు తగ్గుతున్నయి. బార లేకుంటే ఆ పాట పాడే సందర్భం లేదు. పాడిన తరం పోతున్నది. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న పోయినా ఆయన గొంతు రికార్డుల మీద ఉన్నది, రేపూ ఉంటది. ఊడ్పుల పాట పాడే ముసలమ్మ పోతే పాట కూడా ఆమె వెంటనే పోతది. ఏది ముందు రాయాలె?

ఈ భయం ఇవ్వాల్టిది గాదు. క్షేత్రయ్యది మీ పక్కన మొవ్వ అని చెప్పుకుంటరు. ఆయన తన పదాల లెక్క తనే ఒక పదంల చెప్పుకున్నడు. మదుర, తంజావూరు, గోల్కొండ కొలువుల్ల పాడిన పదాలు వేలు. ఇవ్వాల మనకు దొరుకుతున్నయి కొన్ని వందలు. ఆ దొరికినయి కూడ ఎక్కువగా దేవదాసీల గొంతుల్ల బతికినయి. వాళ్ల పేర్లు ఎన్ని తెలుసు మనకు? కవి పేరు నిలిచింది, కాపాడిన గొంతు పేరు నిలువలే.

పుస్తకం ఆపుమని నేను అంటలే. తప్పక తేండ్రి. నాలుగు పనులు చేయుండ్రి.

ఒకటి. నంబరు పక్కన దేన్ని లెక్కబెట్టిన్రో రాయుండ్రి. అమ్మకమా, ఓట్లా, యూట్యూబ్ లెక్కనా, మీ ఇష్టమా. మీ ఇష్టమైతే మా ఇష్టం అనే రాయుండ్రి. అది తప్పు గాదు, దాచిపెడితే తప్పు.

రెండు. గాయకుని గడి ఒక్కటే పెట్టకుండ్రి. రాసినోళ్లు, బాణీ కట్టినోళ్లు, పాడినోళ్లు, ఎవరి దగ్గర నేర్చుకున్నరు, ఇట్ల నాలుగు గడులు పెట్టుండ్రి. తెలవకుంటే ఖాళీ వదలుండ్రి. ఖాళీ గడి కనపడితే రేపు ఎవరో ఒకరు నింపుతరు.

మూడు. సంవత్సరం రెండుసార్లు రాయుండ్రి. పుట్టిన సంవత్సరం ఒకటి, జనంలకు పోయిన సంవత్సరం ఒకటి.

నాలుగు. రికార్డు ఎక్కని పాటలకు వేరే భాగం పెట్టుండ్రి. దానికి నంబర్లు వద్దు, ఊర్ల పేర్లు పెట్టుండ్రి. వచ్చే ఊడ్పులకు జేబుల ఫోను పెట్టుకుని గట్టు మీదికి పోండ్రి. పాట అడిగే ముందు పేరు అడుగుండ్రి. ఇంటిపేరుతో సహా రాయుండ్రి. ఆమె ఒప్పుకుంటేనే రికార్డు చేయుండ్రి. చేసినంక ఆమెకు వినిపించుండ్రి.

మా పాట కూడ రోడ్ల మీదనే బతికింది. అందెశ్రీ 'జయ జయహే తెలంగాణ' ఏండ్లపాటు బడుల్ల, సభల్ల, దీక్షా శిబిరాల్ల జనం నోట్ల నడిచింది. 2014ల రాష్ట్రం వచ్చినా అది రాష్ట్ర గీతం కావడానికి ఇంకో పదేండ్లు పట్టింది. 2024 జూన్ 2న అయింది. ఆ పదేండ్లు ఆ పాటకు ఏ నంబరూ లేదు. జనం నంబరు చూసి పాడలే, పాడుకుంట పోయిన్రు. సర్కారు లెక్క తర్వాత వచ్చింది.

మా సభల్ల ఆఖరుకు నినాదం ఇస్తం. మీ ఊర్ల నేను నినాదం ఇయ్య. ఒక్క పని చెప్పి కూసుంట. సాయంత్రం ఇంటికి పోయినంక మీ నాయనమ్మను అడుగుండ్రి, ఊడ్పుల కాడ ఎవరు ముందు ఎత్తుకునేటోళ్లు అని. ఆమె ఒక పేరు చెప్తది. ఆ పేరు మీ పుస్తకం మొదటి పేజీల రాయుండ్రి. ఘంటసాల పేరు రెండో పేజీల ఉన్నా ఆయనకు తక్కువ కాదు.

నేను కూడ నా నోటుబుక్కు పట్టుకుని మా మండలానికి పోతున్న. పద్నాలుగేండ్లు దాటింది. ఆ 'బీడీల అమ్మ' పేరు అడిగి రాసుకోవాలె. ఉన్నదో లేదో. సెలవు.