లెక్క అడిగే చదువు

(న్యాయవిద్యార్థులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎల్‌ఎల్‌బీ పూర్తిచేసిన బిడ్డ కంపెనీల పాలనకు సంబంధించిన చట్టాలలో ఎల్‌ఎల్‌ఎం చదువుతానంటే మన ఇళ్లలో సాధారణంగా రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. నల్లకోటు వేసుకొని కోర్టుకు పోక ఇంకా చదువెందుకన్నది మొదటిది. కంపెనీలు కోటీశ్వరులవి, ఆ చట్టాలతో మనకేం పని అన్నది రెండవది. రెండవ ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను.

కంపెనీలో సొమ్ము ఒకరిది, దానిని నడిపే చేయి మరొకరిది. వాటాలు కొన్నవారు వేలల్లో, లక్షల్లో ఉంటారు. నిర్ణయాలు తీసుకునే డైరెక్టర్లు పదిమందో పదిహేనుమందో ఉంటారు. ఆ కొద్దిమంది చేతిలోని సొమ్ము మన పరిభాషలో అమానత్. దానికి లెక్క ఎవరు చెప్పాలి, ఎవరికి చెప్పాలి, చెప్పకపోతే ఏంచేయాలి? ఈ మూడు ప్రశ్నల చుట్టూ అల్లుకున్నదే కార్పొరేట్ గవర్నెన్స్ చట్టం. దివ్య ఖుర్‌ఆన్‌లో అన్నిటికన్నా దీర్ఘమైన ఆయత్ అప్పు లావాదేవీని సాక్షుల సమక్షంలో రాతపూర్వకంగా నమోదు చేసుకోవడాన్ని గురించినదేనని మీకు తెలుసు. కనుక లెక్క రాయడం, లెక్క అడగడం మనకు పరాయి విద్యలు కావు.

ఈ చట్టం ఎందుకు అవసరమో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ డైరెక్టర్ల బోర్డు 2008 డిసెంబర్ 16న ఛైర్మన్ కుటుంబానికి చెందిన రెండు మేటాస్ సంస్థలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనాలని తీర్మానించింది. పేరుపొందిన స్వతంత్ర డైరెక్టర్లు ఆ బోర్డులో ఉన్నారు. అయినా తీర్మానం ఆగలేదు. మదుపరులు తిరగబడడంతో కొద్ది గంటలలోనే దానిని వెనక్కి తీసుకున్నారు. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖతో అసలు సంగతి బయటపడింది. పుస్తకాలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవు. ఆడిటర్లు సంతకాలు చేసిన లెక్కలవి.

ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన విషయం ఇంకొకటి ఉంది. అమెరికా మార్కెట్లో ఆ కంపెనీ వాటాపత్రాలు కొని నష్టపోయినవారు అక్కడి కోర్టులో ఉమ్మడిగా దావా వేశారు. కంపెనీ 12 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించి రాజీకి వచ్చింది. ఇదే కంపెనీ వాటాలు మన దేశంలో కొన్న సామాన్యులకు అటువంటి ఉమ్మడి దావా వేసే మార్గం అప్పటి కంపెనీల చట్టంలో లేదు. నష్టం ఒక్కటే అయినా, చట్టం ఉన్నచోట పరిహారం వచ్చింది, లేనిచోట రాలేదు. ఆ లోటును పూరించడానికే 2013 కంపెనీల చట్టంలో 245వ సెక్షన్ చేర్చారు. నిర్ణీత సంఖ్యలో వాటాదారులు గాని డిపాజిటర్లు గాని కలసి ఇప్పుడు జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. ఎల్‌ఎల్‌బీలో ఈ సెక్షన్ ఒక పేజీ పాఠం. ఎల్‌ఎల్‌ఎంలో అది ఎందుకు వచ్చింది, ఎవరికి ఉపయోగపడుతుంది, ఎవరిని బయట వదిలేసింది అని పరిశోధిస్తారు.

బయట మిగిలినవారిలో మనవారు ఎందరో ఉన్నారు. బెంగుళూరు కేంద్రంగా హలాల్ పెట్టుబడి అన్న పేరుతో నడిచిన ఐఎంఏ సంస్థ 2019 జూన్‌లో కుప్పకూలింది. సొమ్ము పోగొట్టుకున్న వేలాదిమందిలో అత్యధికులు ముస్లింలే. బిడ్డ పెళ్లి కోసం దాచిన డబ్బు, విదేశంలో చెమటోడ్చి పంపిన డబ్బు అందులో ఉన్నాయి. ఆ కేసును తరువాత సీబీఐ చేపట్టింది. ఆ సంస్థ పరిమిత బాధ్యత గల భాగస్వామ్య సంస్థ. సొమ్ము ఇచ్చినవారిని కాగితాలమీద డిపాజిటర్లుగా కాక భాగస్వాములుగా చూపింది. ఆ ఒక్క మాటతో వారి స్థితి మారిపోయింది. 245వ సెక్షన్ కంపెనీల వాటాదారులకు, డిపాజిటర్లకు వర్తిస్తుంది. భాగస్వామ్య సంస్థలో భాగస్వామికి వర్తించదు.

సొమ్ము ఇచ్చేముందు అది హలాలా కాదా అని చాలామంది అడిగారు. అడగవలసిన ప్రశ్నే అది. దానితోపాటు ఈ సంస్థ ఏ చట్టం కింద నమోదైంది, నన్ను ఏ పేరుతో చేర్చుకుంటున్నారు, లెక్కలు ఎవరు తనిఖీ చేస్తారు అని అడిగేవారు ప్రతి బస్తీలో ఒక్కరున్నా కొన్ని ఇళ్లయినా నిలిచేవి. కంపెనీలు, ఇటువంటి భాగస్వామ్య సంస్థలు రిజిస్ట్రార్‌కు సమర్పించే ముఖ్యమైన పత్రాలను నిర్ణీత రుసుము చెల్లించి ఎవరైనా చూడవచ్చు. వాటిని చదివి అర్థం చెప్పగల మనిషి మనకు కావాలి.

ఈ చదువు నష్ట నివారణకే పరిమితం కాదు. కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ గాని, 1,000 కోట్ల టర్నోవర్ గాని, 5 కోట్ల నికర లాభం గాని ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. తాను పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఆ సెక్షన్ చెబుతోంది. ఫ్యాక్టరీ గోడ పక్కనే మన బస్తీ ఉండి, బడికి పైకప్పు లేకపోతే, ఆ కంపెనీ విధానపత్రాన్ని ముందుపెట్టుకొని మాట్లాడడం మన హక్కుల పోరాటంలో భాగమే. అయితే ఆ నిధులు కంపెనీ నుండి అందుకొని పని చేయదలచిన సంస్థ 2021 ఏప్రిల్ నుంచి సీఎస్‌ఆర్-1 ఫారంతో నమోదు కావాలి. మన విద్యాసంస్థలలో ఎన్ని ఈ పని పూర్తిచేశాయో నిర్వాహకులు చూసుకోవాలి.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఒక మాట. స్టాక్ మార్కెట్లో నమోదైన ప్రతి కంపెనీ బోర్డులో కనీసం ఒక మహిళా డైరెక్టర్ ఉండాలని చట్టం నిర్దేశించింది. బోర్డు గదిలోకి మీ అమ్మాయి నేరుగా అడుగుపెడుతుందని నేను చెప్పడంలేదు. కంపెనీ సెక్రటరీల విభాగంలో, చట్టాల అమలును పర్యవేక్షించే విభాగాలలో మొదలుపెట్టి ఎదగవలసిన దారి అది. ఆ దారి తెరిచే ఉంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. ఈ చదువు నల్లకోటుకు అడ్డం కాదు. కంపెనీల వివాదాలు, దివాలా కేసులు విచారించే ట్రిబ్యునల్ బెంచి హైదరాబాదులోనే ఉంది. మూతబడిన కంపెనీలో కార్మికుడికి రావలసిన జీతం బకాయి కూడా అక్కడే తేలుతుంది. ఎల్‌ఎల్‌ఎం తరువాత నెట్ ఉత్తీర్ణులైతే అధ్యాపక వృత్తికి అర్హత వస్తుంది. హైదరాబాదులోని నల్సార్, విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయాలలో చేరడానికి క్లాట్ పీజీ పరీక్ష రాయాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు పీజీఎల్‌సెట్ ఉంది. ఫీజులలో వ్యత్యాసం పెద్దది. కనుక రెండు పరీక్షలకూ సిద్ధం కావడం మంచిది. బ్యాలెన్స్ షీటు చదవడం ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి. లెక్కల పుస్తకం చూసి భయపడే న్యాయవాదిని మోసగించడం సులువు.

విద్యార్థులారా, పరిశోధనా వ్యాసానికి అంశాన్ని ఎంచుకునేటప్పుడు మీ చుట్టూ చూడండి. మీ జిల్లాలోని కంపెనీలు సామాజిక బాధ్యత నిధులను ఏయే బస్తీలలో ఖర్చు చేశాయి? హలాల్ పేరుతో సొమ్ము సేకరించే సంస్థలు ఏ చట్టం పరిధిలో ఉన్నాయి? ఇటువంటి అంశాలమీద తెలుగులో చదవడానికి మనకు దొరికేది చాలా తక్కువ.

అదే కొలబద్దను మన సంస్థలకూ పెట్టండి. మన అంజుమన్‌లు, విద్యా సొసైటీలు, మదరసా కమిటీలు ఏటా లెక్కలు తనిఖీ చేయించి, చందా ఇచ్చినవారి ముందు ఉంచుతున్నాయా? ఒకే కుటుంబం అధ్యక్షుడిగా, కోశాధికారిగా, గుత్తేదారుగా ఉంటే అడిగేవారెవరు? కంపెనీల చట్టం చదివిన బిడ్డ రేపు మన కమిటీ సమావేశంలో లేచి ఈ ప్రశ్న అడిగితే కోపగించకండి. పక్కన కూర్చోబెట్టుకొని రశీదు పుస్తకం ముందుపెట్టండి. ఆ బిడ్డ ఫీజు కట్టింది అందుకే.