కణం కాపలా ఎవరి పక్షం?



తెలుగులో విజ్ఞానం రాసే మనమంతా ఎప్పుడో ఒకప్పుడు ఉసిరి మీదో దానిమ్మ మీదో వ్యాసం రాసినవాళ్లమే. చివర్లో "ఇందులోని యాంటీ ఆక్సిడెంట్లు క్యాన్సర్‌ను అడ్డుకుంటాయి" అని ఓ ముక్క తగిలిస్తాం. ఆ ముక్క మీదే నా తగాదా.

ఫిన్లాండ్‌లో 29 వేల మందికి పైగా పొగతాగే మగవాళ్ల మీద ఒక పరీక్ష జరిగింది. వాళ్లలో కొందరికి రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ అనే యాంటీ ఆక్సిడెంట్ మాత్ర ఇచ్చారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని ఆశ. 1994లో ఫలితం వచ్చింది: మాత్ర మింగినవాళ్లలో ఆ జబ్బు 18 శాతం ఎక్కువ! బీటా కెరోటిన్‌కు విటమిన్ ఎ కలిపి అమెరికాలో చేసిన మరో పరీక్షలోనూ అదే ధోరణి కనిపించి, 1996లో దాన్ని గడువుకు ముందే ఆపేశారు.

ఎందుకిలా అన్నదానికి పూర్తి జవాబు లేదు గానీ, ఒక దారి మాత్రం కణం లోపలే దొరికింది. ప్రాణవాయువును వాడుకునే ప్రతి కణంలోనూ చురుకైన ఆక్సిజన్ అణువులు పుడతాయి. అవి మితిమీరితే డీఎన్‌ఏ, కొవ్వు పొరలు దెబ్బతింటాయి. అందుకే కణానికి సొంత రక్షణ ఉంది. దాని పెత్తనం ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే ప్రొటీన్‌ది. మామూలు రోజుల్లో కీప్1 అనే మరో ప్రొటీన్ దాన్ని పట్టుకుని, ఎప్పటికప్పుడు విచ్ఛిన్నానికి పంపిస్తుంటుంది. ఆ చురుకైన అణువుల ఒత్తిడి పెరిగితే ఆ పట్టు సడలుతుంది. ఎన్‌ఆర్‌ఎఫ్2 కేంద్రకంలోకి వెళ్లి, కణం సొంత యాంటీ ఆక్సిడెంట్ అయిన గ్లూటాథయోన్ తయారీ జన్యువుల్ని, విషాలను బయటికి తోసే పంపుల జన్యువుల్ని మేల్కొలుపుతుంది. ఆరోగ్యవంతమైన కణానికి ఇది వరమే. ఈ కాపలా క్యాన్సర్ మొదలవకుండా ఆపుతుందన్నదీ నిజమే.

చిక్కల్లా తర్వాతే. వేగంగా పెరిగే క్యాన్సర్ కణంలో ఈ ఒత్తిడి మరీ ఎక్కువ. ఆ కణం బతకాలంటే కాపలాను ఇంకా గట్టిగా నిలబెట్టుకోవాలి. ఊపిరితిత్తుల క్యాన్సర్లు కొన్నింటిలో కీప్1 జన్యువే చెడిపోయి ఉంటుంది. ఇక ఎన్‌ఆర్‌ఎఫ్2కు పగ్గాలుండవు. సిస్‌ప్లాటిన్ వంటి కీమో మందు లోపలికి వస్తే గ్లూటాథయోన్ దానికి అతుక్కుని నిర్వీర్యం చేస్తుంది, పంపులు బయటికి నెట్టేస్తాయి. రేడియేషన్ చంపే తీరులోనూ ఈ చురుకైన అణువులకు పెద్ద పాత్ర ఉంది కనుక అదీ మొద్దుబారుతుంది.

  

మరి ఈ కాపలాను కూలగొట్టేస్తే? గ్లూటాథయోన్ తయారీని ఆపే మందులున్నాయి. కానీ గుండె, మూత్రపిండాలు, నరాలు కూడా దాని మీదే బతుకుతున్నాయి. రోగిని చంపకుండా గడ్డను నిరాయుధం చేయడమే అసలు కష్టం. మరి కూలగొట్టడానికి బదులు బయటినుంచి యాంటీ ఆక్సిడెంట్లు అందిస్తే? 2014లో స్వీడన్ పరిశోధకులు ఎలుకలకు విటమిన్ ఇ, ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ ఇస్తే ఊపిరితిత్తుల గడ్డలు వేగంగా పెరిగాయి. ఎలుకల ఫలితాన్ని మనుషులకు నేరుగా అంటగట్టలేం, అయినా ఫిన్లాండ్ అనుభవంతో కలిపి చూస్తే ఉలిక్కిపడాల్సిందే.

కాయలు, కూరలు మానమని నేననడం లేదు. పళ్లెంలో తినేది వేరు, సీసాలో మోతాదుగా మింగేది వేరు. ఈ తేడా రాయకుండా వదిలేస్తే, కీమో జరుగుతున్న రోగి మన వ్యాసం చదివి మందుల షాపుకు వెళతాడు. అందుకే నా విన్నపం: ఇకపై యాంటీ ఆక్సిడెంట్ మాత్రల ప్రస్తావన వచ్చిన ప్రతి వ్యాసంలోనూ, చికిత్సలో ఉన్నవారు తమ క్యాన్సర్ డాక్టరును అడగకుండా వాటిని వాడొద్దని ఒక్క వాక్యం తప్పకుండా రాయండి.