కథలో భయానకం

(ప్రసంగ పాఠం)

 

పిల్లలను కథ వ్రాయమన్నప్పుడు అనేకులు దయ్యం కథనే ఎన్నుకొంటారు. అందులో తప్పు లేదు. అయితే మొదటి వాక్యంలోనే దయ్యం ప్రత్యక్షమవుతుంది. రెండవ వాక్యంలో రక్తం కారుతుంది. మూడవ వాక్యానికి చదువరి నవ్వుతాడు. భయపెట్టదలచిన కథ నవ్వు పుట్టించడానికి కారణమేమిటి?

పూర్వులు దీనిని ఏనాడో విచారించారు. భరతుని నాట్యశాస్త్రం భయానకాన్ని, బీభత్సాన్ని వేర్వేరు రసాలుగా పేర్కొన్నది. మొదటిదానికి స్థాయీభావం భయం, రెండవదానికి జుగుప్స. నెత్తురు, ఎముకలు జుగుప్సను కలిగిస్తాయి. చదువరి ముఖం త్రిప్పుకొంటాడు. భయం కలిగినవాడు ముఖం త్రిప్పుకోలేడు; తరువాత ఏమి జరుగుతుందోనని ఎదురుచూస్తాడు. కనుక భయం కనిపించినదానిలో కంటె కనిపించబోయేదానిలోనే అధికం.

ఒక ఉదాహరణ. 'పెరటి బావిలో దయ్యం ఉన్నది' అని వ్రాస్తే అది సమాచారం మాత్రమే. 'అర్ధరాత్రి గిలక కిర్రుమన్నది. తెల్లవారి చూస్తే, రాత్రి ఎవరూ ముట్టని చేద తడిసి ఉన్నది' అని వ్రాస్తే, దయ్యం మాట ఎత్తకుండానే చదువరి ఆ బావి వైపు వెళ్ళడానికి వెనుకాడుతాడు. గిలక, చేద నిత్యం చూచే వస్తువులు. చుట్టూ అంతా యథాతథంగా ఉండి, ఒక్కటి మాత్రమే మారడం భయకారణం.

భయానికి తోడు బిగువు కావాలి. 11వ శతాబ్దంలో సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరంలో బేతాళ కథలున్నాయి. 1947 జూలైలో మద్రాసు నుండి ఆరంభమైన 'చందమామ' ఆ చట్రాన్ని తెలుగు ఇళ్ళకు సుపరిచితం చేసింది. అందులో శ్మశానం, శవం అలంకారాలు మాత్రమే. అసలు బిగువు నిబంధనలో ఉన్నది: సమాధానం తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే శవం మరల చెట్టెక్కుతుంది. పాత్రకు రెండు దారులూ కష్టమైనప్పుడే చదువరి పుట త్రిప్పుతాడు.

దయ్యం లేని భయమూ ఉన్నది. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో 1952లో ద్వితీయ బహుమతి పొందిన పాలగుమ్మి పద్మరాజుగారి 'గాలివాన'లో తుఫాను, రైలు స్టేషను, నియమబద్ధుడైన ఒక పెద్దమనిషి, ఒక బిచ్చగత్తె ఉన్నారు. గాలి ఉధృతమైనకొద్దీ ఆయన జీవితకాలం నమ్ముకొన్న నియమాలు కదిలిపోతాయి. ఆయన స్వభావం ముందే తెలిసినందువలననే ఆ భయం చదువరిది కూడా అవుతుంది.

ఇంతటి కథకు తగిన మాటలు కావాలి. వీధిలో ఒక భాష, ఇంటిలో తెలుగు వినే ఈ పాఠశాల పిల్లలకు 'భయం' అనే ఒక్క మాటే మిగిలిపోతున్నది. జంకు, బెదురు, గుబులు ఒకటి కావు. కొత్తవారి ముందు మాట పెగలకపోవడం జంకు. చప్పుడుకు పశువు ప్రక్కకు దూకడం బెదురు. ప్రొద్దుగూకినా తండ్రి ఇల్లు చేరకపోతే తల్లి మనసులో కలిగేది గుబులు. ఈ తేడాలు నిఘంటువు కంటె అమ్మమ్మ, తాతయ్యల నోటనే బాగుగా తెలుస్తాయి.

డెబ్బది అయిదు సంవత్సరాలుగా ఈ పాఠశాల అక్షరాలు నేర్పుతున్నది. కథ చెప్పే గొంతు ఇంటి నుండి రావాలి. తల్లిదండ్రులు రాత్రి దీపం ఆర్పే ముందు ఒక కథ చెప్పాలి. భయపెట్టే కథ అయినా సరే. తల్లి ప్రక్కన పడుకొని భయపడిన బిడ్డ ఆ భయాన్ని దాటడం కూడా నేర్చుకొంటాడు. పూర్వవిద్యార్థులు తమ పెద్దలు చెప్పిన కథలను వ్రాసి పాఠశాల గ్రంథాలయానికి పంపాలి. వాటిని చదివిన పిల్లలే రేపు తెలుగులో తమ కథలు తాము వ్రాసుకొంటారు.