శ్రామికుని ఆరోగ్యం – యజమాని బాధ్యత



యంత్రం చెడిపోతే దాని మరమ్మతు ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న ఏ కర్మాగారంలోనూ పుట్టదు. అది ఉత్పత్తి వ్యయంలో భాగమని లెక్కలు వ్రాసే గుమాస్తాకు కూడా తెలుసు. ఆ యంత్రాన్ని నడిపే మనిషి మంచం పట్టినప్పుడు మాత్రం ఖర్చు ఎవరిదన్న సందేహం మన దేశంలో చాలాకాలం తీరలేదు.

1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం దానిని కొంతవరకే తీర్చింది. పనిలో ప్రమాదం జరిగినా, వృత్తి వలన కలిగినదని చట్టం గుర్తించిన వ్యాధి సోకినా యజమాని పరిహారం చెల్లించాలి. కాని చెల్లించవలసినవాడు ఆ ఒక్క యజమానే. అతడు కాదంటే, చేయి పోగొట్టుకున్న కార్మికుడు అతనిపైనే కమిషనరు ఎదుట వ్యాజ్యం నడపాలి. మామూలు జ్వరానికి ఆ చట్టంలో చోటే లేదు.

ఈ లోపాన్ని సరిదిద్దే పథకాన్ని రూపొందించే పనిని ప్రభుత్వం 1943లో ఆచార్య బి.పి. అదార్కర్‌కు అప్పగించింది. మరుసటి ఏడు ఆగస్టులో ఆయన నివేదిక వెలువడింది. దాని ఫలితమే 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టం. 1952 ఫిబ్రవరి 24న జవహర్‌లాల్ నెహ్రూ కాన్పూరులో ఈ పథకాన్ని ప్రారంభించారు.

ఇందులోని కీలకం ఒక్కటే. యజమాని డబ్బు ఇస్తాడు, కాని వైద్యం అతని చేతిమీదుగా జరగదు. యజమానులందరి చందాలూ ఒకే నిధికి చేరతాయి. రోగి ఆ నిధి వద్దకు హక్కుదారుగా వెళతాడు, అర్థిగా కాదు. 2019 జూలై నుండి వేతనంపై యజమాని వాటా 3.25 శాతం, కార్మికుని వాటా 0.75 శాతంగా నిర్ణయించారు. చందా వేతనాన్ని బట్టి, చికిత్స రోగాన్ని బట్టి. జబ్బుపడిన కాలంలో ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం భృతిగా లభిస్తుంది. క్షయ వంటి దీర్ఘరోగాలకు భృతి 80 శాతం. వ్యవధి ఇంకా ఎక్కువ. యజమాని తన వాటాను కార్మికుని జీతంలో కోసుకోరాదని చట్టం నిషేధించింది. ఈ నిషేధమే లేకుంటే బాధ్యత కాగితం మీద యజమానిది, భారం జేబు మీద కార్మికునిది అయి ఉండేది.

గనులు ఈ చట్టం పరిధిలో ఉండేవి కావు. సింగరేణి సంస్థ తన కార్మికులకోసం కొత్తగూడెం మొదలైన చోట్ల సొంత ఆసుపత్రులు నడుపుతున్నది.

బీమా ఆసుపత్రులలో వరుసలు పొడవన్న ఫిర్యాదు అబద్ధం కాదు. అంతకంటె పెద్ద చిక్కు ఆ వరుసలో నిలబడే అర్హతే లేనివారిది. 2017 జనవరి నుండి వేతన పరిమితి నెలకు 21,000 రూపాయలు. ఆ గీత దాటించిన స్వల్ప జీతపు పెంపు కుటుంబమంతటి వైద్యహక్కును తీసుకుపోగలదు. ఇక గుత్తేదారు తెచ్చిన కూలీల సంగతి. వారి చందాను కూడా ముందుగా ప్రధాన యజమానే చెల్లించి, ఆ పైన గుత్తేదారు వద్ద వసూలు చేసుకోవాలన్నది 1948 చట్టపు ఏర్పాటు. పెద్ద సంస్థ చిన్న గుత్తేదారు చాటున దాగకుండా చేసిన మంచి కట్టుబాటు ఇది. అయితే హాజరు పట్టీలో పేరే ఎక్కనివానికి ఏ కట్టుబాటు అక్కరకు వస్తుంది?

ఇటీవల యజమానులమే కాదనే సంస్థలు బయలుదేరాయి. ఫోను మీద పని అందుకొని ఇంటింటికీ భోజనం చేరవేసే యువకుడు వాటి లెక్కలో ఉద్యోగి కాడు, భాగస్వామి. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి, 2025 నవంబరు 21న అమలులోకి వచ్చినది, ఈ వాదాన్ని సగం అంగీకరించి సగం త్రోసిపుచ్చింది. అటువంటి సంస్థలు వార్షిక వ్యాపారంలో ఒకటి నుండి రెండు శాతం వరకు సామాజిక భద్రతా నిధికి చెల్లించాలి. అయితే ఆ మొత్తం వారు ఈ పనివారికి ఇచ్చే సొమ్ములో ఐదు శాతం మించనక్కరలేదు. అంటే చందా బాధ్యత చట్టంలోనే ఉన్నది. వైద్యం ఎంత, భృతి ఎన్ని రోజులు అన్నవి మాత్రం ప్రభుత్వం రూపొందించే పథకాలకు వదిలివేశారు. వానలో బండి జారి కాలు విరిగిన యువకునికి కావలసిన జవాబు ఆ పథకాలలోనే దొరకాలి.