ఆంగ్ల రచనలో కామా, సెమికోలన్



తాటాకు గ్రంథములలో కామా కనబడదు. పదమునకును పదమునకును నడుమ ఎడము సైతము విడువక లేఖకులు గంటముతో వరుసగా వ్రాసికొనిపోయిరి. అయినను చదువరికి భావము తెలియుచునే యుండెను. తెలుగు క్రియ అందులకు చాల తోడ్పడినది. "వర్షము కురిసి, కాలువలు నిండి, నాట్లు సాగినవి" అన్నప్పుడు కురిసి, నిండి అను అసమాపక క్రియలే వాక్యమింకను ముగియలేదని చెప్పుచున్నవి. కామాలను తుడిచివేసినను అర్థము చెడదు.

ఇంగ్లీషునకు ఈ సౌకర్యము తక్కువ. ఏ మాట దేనితో చేరునో తెలుపు భారము అచ్చట పదముల వరుసపైనను, ఈ చిన్న గుర్తులపైనను పడినది. ఆ సంగతి మరచి తెలుగువారు కొందరు ఊపిరి ఆగినచోటనెల్ల కామా పెట్టుదురు. కర్త ఎంత దీర్ఘమైనను, దానికిని క్రియకును నడుమ ఒంటి కామా చొప్పింపరాదు. అర్జీలలో ఇంతకంటె తరచుగా కనబడు పొరపాటు వేరొకటి కలదు. "ది బస్ వాజ్ లేట్" ఒక పూర్తి వాక్యము; "వి మిస్డ్ ది ట్రెయిన్" మరియొకటి. ఈ రెంటిని ఒంటి కామాతో అతికించుట దోషముగా ఎంచబడును. నడుమ సెమికోలన్ ఉంచవలెను. లేదా కామా పెట్టి "సో" అను మాట చేర్చవలెను. ఫుల్‌స్టాప్ పెట్టినను తప్పు లేదు గాని, బస్సు ఆలస్యమునకును రైలు తప్పుటకును గల సంబంధము కొంత సడలును.

1494 ప్రాంతమున వెనిస్ ముద్రాపకుడు ఆల్డస్ మనూషియస్ వాడుకకు తెచ్చిన సెమికోలనుకు నేడు మరియొక పని కూడ కలదు. హనుమాన్ జంక్షన్ నుండి ఢిల్లీ పుస్తక ప్రదర్శనకు "అధ్యక్షులు, వైద్యులు, కార్యదర్శి, ఉపాధ్యాయులు" వచ్చుచున్నారని ఇంగ్లీషులో జాబు పోయినదనుకొందము. వచ్చువారు నలుగురా, వైద్యులైన అధ్యక్షులును ఉపాధ్యాయులైన కార్యదర్శియు కలిసి ఇద్దరా? అచ్చటివారు ఎన్ని మంచములు వేయింపవలెను? ఇద్దరే యైనచో "వైద్యులు" అను మాట పిదప సెమికోలన్ ఉంచిన సందేహము తీరును.

ఇది మంచములతో పోవు చిక్కు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున ఇట్టి చిక్కు కూలి డబ్బు వరకు పోయినది. వారమునకు 40 గంటలు దాటిన పనికి ఒకటిన్నర రెట్లు వేతనమీయవలెనను చట్టమునుండి కొన్ని పనులను మినహాయించిరి. ఆ పట్టిక చివర "రవాణా లేదా పంపిణీ కొరకు మూటగట్టుట" అనియు, "రవాణా కొరకు మూటగట్టుట, లేదా పంపిణీ చేయుట" అనియు రెండు విధముల అన్వయింపదగు మాటలుండెను. "లేదా"కు ముందు కామా లేదు. ఓక్‌హర్స్ట్ డెయిరీ పాలబండ్ల డ్రైవర్లు మూటలు కట్టువారు కారు, పంపిణీ చేయువారు. మినహాయింపు తమకు వర్తింపదని వారు వాదించిరి. 2017లో అప్పీలు న్యాయస్థానము, భావము సందిగ్ధముగా నున్నదనియు, కార్మికులకు మేలైన అర్థమునే గ్రహింపవలెననియు తీర్పు చెప్పెను. 2018లో ఆ సంస్థ 50 లక్షల డాలర్లకు రాజీపడినది. శాసనసభవారు కామా ఒక్కటి చేర్చి ఊరకుండలేదు. పట్టికను తిరుగవ్రాసి, పనికిని పనికిని నడుమ సెమికోలన్లు నిలిపిరి.